మంచి రేకు దాకా

మొదట సుత్తి కాదు, స్క్రూడ్రైవర్ పిడి.
వ్యాను కింద వెల్లకిలా పడుకుని
తట్టుకుంటూ పోతాను.
ఖంగుమన్నచోట ఇనుము ఇంకా ఉంది.
నానిన అట్టలా మెత్తగా పలికితే
అక్కడ మిగిలింది రంగూ, నమ్మకమూ.

చేపల వ్యాను ఇది.
ఫ్లీట్‌వుడ్ రేవులో తెల్లారకముందే ఐసు నింపుకుని
సముద్రం కనబడని పల్లెలకు పోయి
ఇంటింటికీ కాడ్, హాడక్ అమ్ముతుంది గ్లెనిస్.
బయటి ఉప్పుగాలి కొట్టింది కొంత,
కరిగిన ఐసు లోపల్నుంచి తిన్నది ఎక్కువ.
ఎమ్‌ఓటీలో ఫెయిలైన కాగితం చేతిలో పెట్టి
"ఇంకొక్క ఏడాది నడిస్తే చాలబ్బాయ్" అంది.
అంటే, ఆమె ఇంగ్లీషు నాకలా వినబడింది.

గాజువాకలో ఓడలకు అతుకులు వేసినవాణ్ణి.
అక్కడ రేకు బొటనవేలంత మందం,
ఎంత మంటకీ జంకేది కాదు.
ఇక్కడిది గోరంత.
చెయ్యి క్షణం ఆగిందా, చిల్లు.
చిల్లు పూడుద్దామని ఆగిందా, ఇంకా పెద్ద చిల్లు.
మొదటి ఏడాది నేను మూసినవాటికంటే
తెరిచినవే ఎక్కువ.

గ్రైండరు తగలగానే, తలుపు కింద గడపరేకు దగ్గర
పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలింది.
పైన పటారం, లోన లొటారం.
పుట్టీ వెనక
ఉండలు చుట్టి కుక్కిన పాత పేపరు.
విప్పితే సగం పూరించిన గళ్ళనుడికట్టు,
నీలం సిరా, నొక్కి రాసిన పెద్దక్షరాలు.
తొమ్మిది అడ్డం ఖాళీ.

గ్లెనిస్‌ని పిలిచాను.
టీ కప్పుతోనే వంగి చూసింది.
"విల్ఫ్ రాత" అంది.
మొగుడు పోయి నాలుగేళ్ళట.
"వెల్డింగు వచ్చని చెప్పాడు నాతో.
మూడు రోజులు షెడ్డు తలుపేసుకుని
ఒకటే చప్పుడు."
కోపమో నవ్వో తెలియలేదు.
కాసేపాగి అడిగింది,
"ఆ ఒక్క ముక్కా అలా ఉంచెయ్యలేవా?"

ఉంచలేనమ్మా.
తుప్పుకి మొహమాటం లేదు.
మనం ఎక్కడ ఊరుకుంటే
అక్కణ్ణించే మొదలుపెడుతుంది.
కోత కుళ్ళు అంచున ఆగకూడదు,
అది దాటి, తెల్లగా మెరిసే మంచి రేకు దాకా పోవాలి.
బెత్తెడు అనుకున్నది మూరెడు అయింది.

కార్న్‌ఫ్లేక్స్ అట్టతో నమూనా కత్తిరించాను.
కొత్త రేకు మీద దాని చుట్టూ గీసి,
కోసి, పైపు మీద వేసి వంచాను.
బ్యాటరీ తీగ పీకాను. తడిగోనె పక్కన పెట్టుకున్నాను.
షట్టరు దించాను.
ఇక్కడి గాలి దొంగది,
టార్చి మూతి దగ్గరే గ్యాసు ఎత్తుకుపోతుంది,
అతుకు పుల్లట్టులా చిల్లులు పడుతుంది.

ఈ మూల ఒక చుక్క.
ఆ మూల ఒక చుక్క.
ఆగు, చల్లారనీ.
ఇప్పుడు మధ్యలో.
ఒకేచోట ప్రేమంతా ఒలకబోస్తే
రేకు అలిగి ముడుచుకుంటుంది.
బిందెలకు మాట్లు వేసే బూసయ్య అనేవాడు,
"చిల్లుతో తొందరేంట్రా, అదెక్కడికీ పోదు."
మాస్కులో నాకు కనబడేది కందిగింజంత లోకం.
దాన్ని ఆ అంచు దాకా
ఒలకకుండా తీసుకెళ్తే చాలు.

తర్వాత జింకు పూత, సందులకు సీలెంటు, లోపలికి మైనం.

అడుగున నీళ్ళు జారే కన్నం ఒకటి ఉండాలి.
చుక్క రాకూడదని దాంట్లోనూ
పుట్టీ కుక్కాడు విల్ఫ్, పాపం.
వచ్చిన నీళ్ళకి పోయే దారి లేకుండా చేశాడు.
వ్యాను కుళ్ళింది అక్కణ్ణించే.
గ్లెనిస్‌కి చెప్పలేదు.
డ్రిల్లుతో తెరిచాను, అంతే.
దాని పైన, లోపలి గోడ మీద, మార్కరుతో రాశాను,
రేపు దీన్ని కోసేవాడెవడో వాడి భాషలోనే:
ఈ కన్నం మూయకు.

పేపరు ముక్కని అరచేత్తో సాపు చేసి
కళ్ళజోడు పెట్టుకుంది గ్లెనిస్.
తొమ్మిది అడ్డం, అయిదక్షరాలు, మూడోది ఆర్.
టీ చల్లారేదాకా ఇద్దరం ఆలోచించాం.
రాలేదు.