పేరుకు నాలుగు అంకెలు

వరద మూడో రోజున
కోటిపల్లి రేవులో పంటు కట్టేశారు.
టవరు మునగలేదు,
దాని కింది జనరేటరు మునిగింది.
పావుగంటకోసారి, ఎవరి పుణ్యానో,
ఒక్క మెసేజీ ఏరు దాటేది.

ఈ గట్టున నా దగ్గర మూడొందల పేర్లు,
ఆ గట్టున ముక్తేశ్వరం బడిలో
తాతాజీ దగ్గర నూట ఎనభై.
లంకల జనం దొరికిన పడవెక్కారు.
అటు రాయించుకుని ఇటొచ్చినవాళ్ళున్నారు,
మొగుడు అక్కడా బావమరిది ఇక్కడా
చెప్పిన పేర్లున్నాయి.
బియ్యం మాత్రం మనిషికొక్క బస్తా.

తెలుగులో రాస్తే
మూడు పేర్లకే మెసేజీ నిండిపోతుంది.
ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా బోర్లిస్తామా,
మెతుకు పట్టుకుంటాం.
కానీ ఒకరి కుండ ఒకరికి కనబడకుండా
ఇద్దరం ఒకే మెతుకు పట్టాలి.

అందుకని నిరుడు వేసవిలోనే
కంప్యూటరు చేత పాచికలు వేయించి
పక్కపక్క అక్షరాల జంట జంటకీ
ఒక అంకె ఇచ్చి పెట్టుకున్నాం,
నా దగ్గరొక ప్రతి, తాతాజీ దగ్గరొకటి.
పేరులోని జంటలన్నిటికీ అంకెలు చూసి
అన్నిటికన్నా చిన్నవి నాలుగు ఉంచుకుని
తతిమ్మావి గోదాట్లో కలిపెయ్యడమే.
ఒత్తు జారినా కొమ్ము మరిచినా
నాలుగింట మూడు నిలుస్తాయి.
మనుషులు వేరైతే ఒకటీ కలవదు, మామూలుగా.

"మామూలుగా" అన్నది తాతాజీ.
ఆయ్, అన్నాను.

మెసేజీకి పదముగ్గురు.
పద్నాలుగో మెసేజీ చేరేసరికి
రాత్రి ఒంటిగంట, లాంతరులో చమురు అడుగంటింది.
ముప్పై ఒక్క పేర్లు కొట్టేశాను,
చెయ్యి వణక్కుండా.

అయిదో రోజు పంటు కదిలింది.
తాతాజీ వెనకాల, మోకాళ్ళ దాకా ఒండ్రుతో, ఒకావిడ.
"నా పేరు కొట్టేశారంటండి."
గుత్తుల సూర్యవతి.
నా కాగితం మీద గుత్తుల సూర్యావతి.
నాలుక్కి నాలుగూ కలిశాయి.
విడదీసే దీర్ఘం ఏ పెద్ద అంకెలోనో పడి
కొట్టుకుపోయింది.

వరసలో ముందున్న సూర్యావతి వెనక్కి తిరిగింది.
ఒక నాయనమ్మ పేరు మోస్తున్న మనవరాళ్ళు,
ఒకే ఇంటి కోడళ్ళు,
గట్టు పేచీలో ఆరేళ్ళుగా మాటల్లేవట.

రెండో బస్తా తెమ్మని కేకేశాను.
ఎర్రసిరాతో పేరు మళ్ళీ రాస్తుంటే
ఆవిడ కాగితం మీదికి వంగింది.
"ర్యా కాదండి, ర్య.
దీర్ఘం దానిదండి" అంది,
అటు చూడకుండానే.