పిల్లికూతలు

క్లైవ్ ఫాజకర్లీ మళ్ళీ వచ్చాడు.
పదకొండు రోజులకే.
బర్కెన్‌హెడ్‌లో నది మీది గాలి అడ్డంగా కొడుతున్న రాత్రి,
అంబులెన్స్ తలుపు పూర్తిగా తెరుచుకోకముందే
అతని ఛాతీలో పిల్లులు నాకు వినపడ్డాయి.

పోయినసారి చెప్పాను,
మా భాషలో వీటిని పిల్లికూతలంటామని.
నవ్వబోయి దగ్గాడు. దగ్గి దగ్గి తేరుకుని
"ఎన్ని పిల్లులు సిస్టర్?" అన్నాడు.
అప్పట్నించీ స్టెతస్కోపు పెడితే చాలు, లెక్క అడుగుతాడు.

యాభై మూడేళ్ళు. డెబ్బై అంటే నమ్ముతారు.
ఆక్సిజన్ ఎనభై ఎనిమిది దగ్గర
గడప మీద నిలబడ్డ చుట్టంలా
లోపలికీ రాదు, వెళ్ళిపోదు.

ఫారంలో ఒకటే గడి:
రోజుకి ఎన్ని సిగరెట్లు?
నాలుగంటాడు. నాలుగని రాస్తాను.
ఈ చలికాలం అయిదుసార్లు రాశాను,
మానెయ్యమనే కరపత్రం అయిదుసార్లు చేతిలో పెట్టాను.
మూడో రోజుకి చెమటలు, ఆవలింతలు, కాళ్ళ పీకులు.
నాలుగో రోజు తెల్లారేసరికి మంచం ఖాళీ.
దుప్పటి మాత్రం మడతపెట్టి ఉంటుంది.
'వైద్య సలహాకు విరుద్ధంగా' అని రాసుకుంటాం.
ఏం సలహా ఇచ్చామో ఎవరికీ గుర్తుండదు.

ఈ రాత్రి పెరుగు డబ్బా ఇచ్చాను.
తినలేదు. వెండిరేకు మూత ఒలిచి
దుప్పటి అంచుతో తుడిచి
బొటనవేలి గోటితో సాపు చేస్తున్నాడు,
ఒక్క ముడత మిగలకుండా,
తనేం చేస్తున్నాడో తనకే తెలియనంత శ్రద్ధగా.

పెన్ను జేబులో పెట్టేశాను.
"క్లైవ్, రేకు మీద ఏం కాలుస్తావు?"

మాస్కులో ఆవిరి కమ్మింది. పోయింది. కమ్మింది.
"హెరాయిన్. ఇరవై రెండేళ్ళు. సూదంటే భయం నాకు."
"మరి చెప్పలేదే?"
"మీరు సిగరెట్లే కదా అడిగింది."

డ్యూటీ డాక్టరు ఫోన్లో ఎవరితోనో గట్టిగా పోట్లాడింది.
రెండింటికి మెథడోన్ వచ్చింది, చిన్న గ్లాసులో, పచ్చగా.
మోతాదు తక్కువే. అయినా పక్కన కూర్చుని
తెల్లారేదాకా ఊపిరులు లెక్కపెట్టాను.

అయిదో రోజు. మంచంలోనే ఉన్నాడు.
నయమైందని కాదు. చిరిగిన కొలిమితిత్తికి అతుకెవరు వేస్తారు?
మళ్ళీ వస్తాడు.
పదకొండు కాక నలభై రోజులకి వస్తాడేమో,
నా ఆశ అంతవరకే.

పొద్దున్న ట్రే పెడుతుంటే
"ఆ మూత నువ్వే తీసి పట్టుకుపో సిస్టర్," అన్నాడు.
"నాకు అక్కర్లేదు. ఈ చేతికి చెప్పలేను."

ఉండచుట్టి జేబులో వేసుకున్నాను.
ఇంటికెళ్ళే బస్సులో వేలికి తగిలింది.
ఇంకా స్ట్రాబెర్రీ వాసన.