తరుగు

దేవరకొండ దాటినంక మల్లేపల్లి తొవ్వల
జిన్నింగు మిల్లు, గేటు పక్కన కాంట గది.
అద్దం కిటికీ, ఒక ఫ్యాను, నేను.
రాత్రి తొమ్మిదింటికి క్లాసు.
ఒక్క చెవులనే తీగె పెట్టుకుంట,
రెండోది లారీ హారనుకు.

"సైదమ్మ గారూ, వినిపిస్తుందా?"
వినిపిస్తుంది సార్.
నా వెనుక పత్తి గుంజే గొట్టం మోతను
ఆయన వానే అనుకున్నడు.
మీ దగ్గర గట్టిగానే కొడుతున్నట్టుందే అన్నడు.
నేను కాదనలే.
దుబ్బ తప్ప ఏదీ కురవని కార్తీకం అది.

మొదటి పాఠం:
ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్ల.
నవ్వొచ్చింది నాకు.
దినాం నూటయాభై చీటీల మీద నేను నింపేవి అవే గదా,
పేరు, ఊరు, బండి నంబరు, టైము, తేమ.
ఒక్క 'ఎందుకు'కే
చీటీ మీద గడి లేదు.

రెండో నెల తలకిందుల పిరమిడ్.
పెద్ద సంగతి పైన పెట్టాలె,
జాగ చాలకపోతే కిందికెళ్లి కోసేస్తరట.
బోరెంల పత్తి అట్లుండదు సార్.
పైన ఎండిన దూది, పోను పోను తడి,
మోచేతి దాక చెయ్యి దింపితే గని తెల్వది.
అందామని మైకు తెరిచేలోపల
ట్రాక్టరొచ్చింది.

అందరి వెనుక పుస్తకాల బీరువాలు కనవడతయి.
నేను కెమెరా తెరువ.
నా వెనుక గోడ మీద మిల్లు పేరు
నా కంటె పెద్ద అక్షరాలల్ల ఉన్నది.
ఫీజు మూడు కిస్తులు ఈ జీతం లకెల్లే.

చందంపేట అవుతలి తండ, కేతావత్ హీర్యా.
బొలెరో దించుకుంట అడిగిండు,
ఏం చదువు బిడ్డా?
వార్తలు రాసే చదువు కాకా.
ఎన్నేండ్లకు కాపు?
రెండేండ్లు.
బత్తాయి తోట కంటె నయమే, అన్నడు.
పద్దెనిమిది క్వింటాళ్ల నలభై కిలోలు.
మీటరు తొమ్మిది చూపెట్టింది.
పన్నెండు రాయమన్నడు మేనేజరు, ఫోన్‌ల మాట్లాడుకుంటనే,
నా దిక్కు చూడకుంట.
రాసిన.
హీర్యా చీటీని నాలుగు మడతలు పెట్టి
అంగి లోపలి జేబుల దాసుకున్నడు,
ఆసుపత్రి కాయితం దాసుకున్నట్టు.

మూడు శాతం తేడా అంటే యాభై అయిదు కిలోలు.
బండ్లు రాని ఒక నడిరాత్రి
ఒట్టి కాంట మీద నేనొక్కదాన్నే నిలవడి
కిటికీల నుంచి అంకె చూసుకున్న.
యాభై అయిదు.

అసైన్‌మెంటు: మీ పరిసరాల వార్త, మూడు వందల పదాలు.
బస్టాండ్ల నల్లా మీద రాసి పంపిన.
పదికి ఆరు.
కింద ఎర్ర సిరాతోని సార్ అడిగిండు,
"పేరు చెప్పని అధికారి అన్నారు,
ఈ అధికారి ఉన్నాడా?"
లేడు.
లేని మనిషిని రాయడం
నాకు చెయ్యి తిరిగిన పనే మరి,
లేని తేమను రాసినట్టే.

మళ్ల రాయడానికి ఇయ్యాలే ఆఖరు.
ఖాళీ చీటీ ఎనక దిక్కు మొదలుపెట్టిన.
ఎక్కడ? ఈడనే.
ఎప్పుడు? పత్తి వచ్చినప్పుడల్ల.
ఎవరు దగ్గర పెన్ను ఆగింది.
రెండు సార్లు 'సిబ్బంది' అని రాసి కొట్టేసిన.
మూడోసారి నా పేరు రాసిన,
ఇంటి పేరుతో సహా.

పదకొండున్నరకు అద్దం మీద లైట్లు పడ్డయి.
పోలేపల్లి బండి. మీటరు ఎనిమిదిన్నర.
మేనేజరు ఫోనెత్తలే.
ఎనిమిదిన్నరే రాసిన.
ఒక్క చీటీ వార్త కాదని నాకూ తెలుసు.
డ్రైవరు చాయ్ కోసం అడుగుతున్నడు,
గడియారం పన్నెండుకు పోతున్నది,
లెక్కవెడితే రెండు వందల అరవై పదాలే ఉన్నయి.

నలభై తక్కువ సార్.
తరుగు కింద కోసుకోండ్రి.