అరవై నాలుగో మెట్టు

మట్టెవాడ సందులో నా ఫ్రేముల దుకాణం.
గోడ మీద ఎక్కువమంది దేవుళ్లు,
తర్వాత పోయినోళ్లు,
ఆ తర్వాత పదో తరగతిల జిల్లా ఫస్టు వచ్చిన పిల్లలు.
సముద్రం రావడం ఇదే మొదలు.

తెచ్చింది ఎస్తేరమ్మ సిస్టరు.
మిషన్ ఆస్పత్రి సామాను వేలం వేసిననాడు
తుప్పు పట్టిన మంచాలకు పోటీ పడ్డరట,
ఈ బొమ్మను ఎవరూ అడగలేదట.
పాత ఎక్స్‌రే కవర్ల పెట్టుకొచ్చింది,
ఎవరిదో విరిగిన ఎముక జాగల ఒక దీవి.

"గ్రీసు దేశంల ఉంటదట.
గీసినాయన ఇంగ్లండాయన,
పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలేసేటోడని
డాక్టరమ్మ చెప్పేది.
నైటు డ్యూటీ గదిల ముప్పై ఒక్క ఏండ్లు
నా ఎదురుంగనే ఉండె.
నిద్ర ముంచుకొస్తే ఆ మెట్లెక్కేదాన్ని.
అరవై నాలుగు.
నీలం తలుపు దాకా పోయి, దిగొచ్చి,
మళ్ల జ్వరాలు చూసేదాన్ని."

కాయితం కింద అంచుకు
సన్నటి పెన్సిలు రాత:
ఎడమ దిక్కు ముప్పై ఏడు, ఒక గీత, నూట యాభై.
కుడి దిక్కు సంతకం.
మొదటి అక్షరం నిలబడ్డది,
మిగిలినయి గాలికి పండుకున్న జొన్నచేను.

పనికి కొత్తగా చేరిన సాంబరాజు
మరకనుకొని రబ్బరు తీసిండు.

"ఆగు!"
గడపల చాయ్ తాగుతున్న యాకూబ్ చిచ్చా
కప్పు కింద పెట్టకుండనే అరిచిండు.

చిచ్చా ఒకప్పుడు రాతి ప్రెస్సుల సంగ్‌సాజ్.
కాతిబు రాసిన ఉర్దూ రాయి మీదికి దిగినంక
చెదిరిన అక్షరాన్ని తిరగేసి దిద్దేటోడు,
అద్దంల మొఖం కడిగినట్టు.
పెండ్లి రుఖాలు, కుస్తీల పోస్టర్లు,
డిపాజిట్టు పోయినోళ్ల ఎన్నికల కాయితాలు.
ఆఫ్‌సెట్టు వచ్చినంక
ఆ రాళ్ల మీద ఎవరెవరో బట్టలుతికిన్రు.

వేలు ఆనించకుండ
బొమ్మకు జానెడు పైన చెయ్యి నడిపించిండు.
"రాయే" అన్నడు.
"జిడ్డుకు సిరా అంటుతది, తడికి అంటదు.
చూడు, సముద్రమున్న కాడ రాయికి జిడ్డు,
సున్నమేసిన ఈ ఇండ్లున్న కాడ నీళ్లు.
ఎండిన గోడలన్నీ తడితోటి కట్టిండు, హుషారోడు."

మరి ఆ రాయేమైందన్నడు సాంబరాజు.

"నూట యాభై కొట్టినంక ఇసుక పోసి
రాయిని రాయితోటే రుద్దుతరు.
దీవి పోతది.
దాని మీదనే ఇంకెవరిదో పెండ్లి."

పక్క సెలూన్ల చేతి అద్దం తెప్పించి
బొమ్మకు ఎదురుగ పట్టిండు.
మెట్లు అటుదిక్కు మలిగినయి,
పడవ రేవు మార్చుకున్నది.
"గీసేటప్పుడు ఆయన చేతికి ఇట్లనే ఉండె."
సంతకం ఒక్కటి కాయితం మీదనే పెట్టిండు గద,
అద్దంల అది కుడి నుంచి ఎడమకు నడిచింది.
చిచ్చా నవ్వి నవ్వి దగ్గిండు.
"ఇగో, దొర మా బడికొచ్చిండు."

రాత్రి షట్టరు సగం దించి
మెట్లు లెక్కపెట్టిన.
అరవై మూడు.
మళ్ల పెట్టిన. అరవై మూడే.

సిస్టరు తప్పు లెక్కపెట్టదు,
సెలైన్ చుక్కలు లెక్కపెట్టిన కండ్లవి.
వెనుక మొలలు పీకిన, అద్దం తీసిన,
నేను కోసిన తెల్ల అట్టను లేపిన.
ఉంది.
అన్నిటికన్న కింది మెట్టు,
సగం నీళ్లల్ల,
దాని కిందనే పెన్సిలు రాత.

అట్ట దండుగైంది. ఇంకోటి కోసిన,
మెట్టూ అంకెలూ సంతకమూ అన్నీ అవుపడేటట్టు.
డెబ్బై రూపాయలు బిల్లుల వెయ్యలేదు.

పొద్దున సిస్టరు వచ్చింది.
కౌంటరుకు ఆనిచ్చి నిలబెట్టిన.
అద్దం మీద కింద వేలు పెట్టి
పెదాలు కదుపుకుంట పైకి పోతున్నది.
బయట ఎవరిదో ఆటో హారను,
"మా నాయన ఫోటో అయిందా అన్నా" అని ఒకామె.
ఆగుమని చెయ్యి చూపిన.

నీలం తలుపు కాడికి చేరింది వేలు.
ఇంకా దిగలేదు.