రాగి కుట్టు

ఆర్టీసీ కార్గోల వచ్చింది, అట్ట డబ్బల.
దేవరకొండ బస్టాండుల సంతకం తీసుకున్న పిలగాడు
"ఏముందన్నా ఇండ్ల, తలుపా?" అన్నడు.
పడవ, అని చెప్పిన.
వాడు నన్ను జూసి, డబ్బను జూసి,
ఆకాశం దిక్కు జూసిండు.
రోహిణి కార్తె. మబ్బు తునక లేదు.

ముప్పై ఏండ్లు మోటర్లు చుట్టిన.
నీళ్లంటే నాకు ఫీట్ల లెక్క:
నన్నూరు, ఆర్నూరు, ఎనిమిది నూర్లు.
కాలిన మోటరు షాపుల దించితే
దాని ఒంటి మీది బురద వాసన జూసి
బోరు బతికిందో సచ్చిందో చెప్పెటోన్ని.
నీళ్ల మీద మాత్రం ఒక్కనాడు కూసోలే.
ఈత రాదు.

డబ్బ ఇప్పితే సన్నటి చెక్క పలకలు,
అంచు పొంటి బెజ్జాలు,
జిగురు సీసాలు రెండు, రాగి తీగ చుట్ట ఒకటి,
కాయితం నిండ బొమ్మలు.
బొమ్మలల్ల మనిషి నవ్వుకుంట పని జేస్తున్నడు.
వానికి కరెంటు పోదు, చెమట కారదు.

రెండు దినాలు పలక పక్కన పలక పెట్టి చూసిన.
అన్నీ సపాటనే. పడవ యాడ్నుంచొస్తది?
బాలామణి మిషను ఆపి వచ్చింది,
మెడల టేపు అట్లనే ఉన్నది.
"జాకెట్ ముందుభాగం సుత సపాట బట్టనే గదా.
వంకర అంచుకు వంకర అంచు కలుపు,
పొట్ట అదే వస్తది."
కలిపిన.
చెక్క ఊపిరి పీల్చినట్టు లేచింది.

బెజ్జానికో కుట్టు, కుట్టుకో మెలిక.
మూడో పలక కాడ తీగ అయిపోయింది.
షాపు మూలకు కొండమల్లేపల్లి సాయన్న మోటరున్నది.
ఎనిమిది నూర్ల ఫీట్లు దిగి దుమ్ము తెచ్చింది.
బాగుజేయమని ఇచ్చిపోయినోడు మళ్ల రాలే.
దాని కడుపుల తీగ గుంజి,
వార్నిషు గీకి, మంటకు జూపి మెత్తగజేసి
ముక్కు కాడ కుట్టిన.

జిగురు సంగతి చెప్తే ఒడవది.
పొద్దెక్కినంక కలిపితే గిలాసలనే పొగలేస్తది,
గిలాస, పుల్ల, జిగురు కలిసి ఒక్క రాయైతది.
ఇగ తెల్లారగట్ల నాలుగింటికి లేసుడు,
కోళ్లకంటె ముందు కలుపుడు.
అది గట్టిపడ్డంక తీగలు కోసి గుంజెయ్యాలె,
బొమ్మల మనిషి అట్లనే చేసిండు.
రెండు నూర్ల పద్నాలుగు కుట్లు గుంజిన.
సాయన్న తీగ మాత్రం
గుంజబుద్ధి కాలే.

వైజాగ్ కాలనీ పోలయ్య చాపలమ్మి పోతపోత
చుట్టూ ఒక తిరుగుడు తిరిగిండు.
"నా పుట్టికి ముందూ లేదు, ఎనకా లేదు.
నీ దానికి ముక్కుంది. ఎటెల్తావో తెలుసేటి?"
తెల్వదు, అన్న.
ఒంటి చేత్తోని లేపి చూసిండు.
"మేకపిల్లంత లేదు గదా" అన్నడు,
మళ్ల నవ్వలే.

నేరెడుగొమ్ము దాటినంక ట్రాలీ ఇగ పోనన్నది.
నీళ్లు ఎనకకు జరిగినయి,
నెర్రెలు వాసిన బురద అర కిలోమీటరు.
బాలామణి ముందు, నేను ఎనక, నెత్తి మీద పడవ.
దాని కింద నీడ ఉండె.
ఆ ఎండకాలం మాకు దొరికిన చల్లదనం అదొక్కటే.

ఎక్కిన. ఊగింది. తిట్టుకున్న. ఆగింది.
స్టార్టరు గుయ్యిమనుడు లేదు,
ఫ్యాను తిరుగుడు లేదు,
ముప్పై ఏండ్ల చప్పుడు
ఒక్కసారి స్విచ్చి తీసినట్టు.
చెయ్యి కిందికి పెట్టిన.
సున్న ఫీట్లకు పడ్డయి నీళ్లు.

కుడిపక్క ఒక బెజ్జం పూడ్సుడు మరిచిన.
చుక్క, ఎనక చుక్క.
కాలి బొటనవేలు పెట్టి ఒత్తుకొని
తెడ్డేసిన.

ఒడ్డు పొంటి బాలామణి
చెప్పులు చేతుల పట్టుకొని నాతోని సమంగ నడుస్తున్నది.
"ఒక్కనికే కుట్టినవ్" అని మొత్తుకుంటున్నది,
"ఈసారి కొలతలు నేను తీస్త."