పొడిగించమంటారా?

పంతొమ్మిదేళ్లు ఊళ్లను ఊళ్లకు కలిపాను
పూక్కడై ఎక్స్ఛేంజిలో, ఏడో నంబరు బోర్డు దగ్గర.
చెవిలో నెల్లూరు, చేతిలో తీగ, ఎదురుగా సేలం ఎర్రదీపం.
కుదిరిన పెళ్లి, బియ్యం ధర,
"నాన్న పోయాడు" తర్వాత వచ్చే ఆ గరగర,
అన్నీ నాలోంచే వెళ్లాయి.
వినకూడదని రూలు. విన్నాను.
మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి
"పొడిగించమంటారా?" అనేదాన్ని.

ఇప్పుడు డెబ్బై మూడు.
పోయిన ఆషాఢంలో ఏ లైను ఎక్కడ తెగిందో,
మూడు రోజుల పాలపాకెట్లు గుమ్మంలోనే విరిగిపోయాయి.
పెన్షను వస్తుంది. మోకాళ్లు తప్ప రోగం లేదు.
ఎవరూ నన్నేమీ అనలేదు.
చెప్పుకుందామంటే కారణమైనా లేని దిగులు
అప్పిచ్చినవాడిలా మంచం పక్కన కూర్చునేది.
అసలెంతో చెప్పడు, లేవడు.

"వయసైతే ఇంతేలే" అన్నాను పైవాటా గౌసియాతో.
"మా అమ్మా అదే అంది. మేం నమ్మాం" అని
ఆటో పిలిచింది.

అయనావరం ఆస్పత్రిలో తేన్మొళి అనే పిల్ల,
నా కాఫీ ఫిల్టరు కన్నా చిన్నది.
ఆమె తమిళంలో అడిగితే నేను తెలుగులో తడబడ్డాను.
రెంటికీ మధ్య మద్రాసు భాషొకటుంది, అది చాలింది.
"చెప్పండమ్మా" అని ఊరుకుంది.
ఊరుకోవడమూ ఒక ఉద్యోగమే, నాకు తెలుసు:
అవతల ఊపిరి వినిపిస్తే కాల్ బతికున్నట్టే.
మొదటి వారం మోకాలు, ఎండ, కరెంటు బిల్లు చెప్పాను.
రెండో వారమూ అవే.

మందుచీటీతో పాటు ఫెలిక్స్ ఒక కుర్చీ చూపించాడు.
చేతులు ఆనించకుండా లేవాలట, కూర్చోవాలట, పదిసార్లు.
"జీతమంతా కుర్చీలో కూర్చునే తిన్నాను నాయనా,
లేవడం నేర్పేవాడివి ఇప్పుడా దొరికావు?"
మూడుసార్లు లేచాను. నాలుగోసారి కుర్చీ వదల్లేదు.

తర్వాత నడక, ఇస్త్రీబండి దాకా.
పై వారం రేషన్ కొట్టు దాకా.
వానపడ్డ రోజు వెళ్లలేదు.
మర్నాడు ఎండకాసింది, అయినా వెళ్లలేదు.
నోటుబుక్కులో రెండు సున్నాలు చుట్టాను.
"రెండ్రోజులు కనపళ్లేదే పాట్టీ" అన్నాడు ఇస్త్రీ ఏళుమలై
బొగ్గుల మీంచి తలెత్తకుండానే.
నా సున్నాలు ఇంకొకరి లెక్కలోనూ పడ్డాయన్నమాట.

ఆరో గురువారం, కరెంటు బిల్లు మధ్యలో
నోట్లోంచి గూడూరు వచ్చింది.
డెబ్బై ఏడులో ఒకమ్మాయి ఇంటికి కాల్ బుక్ చేసుకుంది.
"అమ్మా, అమ్మా" అంటోంది. అవతల ఊపిరి ఉంది, మాట లేదు.
మూడు నిమిషాలయ్యాయి. పొడిగించమంటారా అన్నాను.
చిల్లర లేదంది.
రూలు ప్రకారం తీగ లాగేశాను.

అదే నా జబ్బుకు మూలమని తేన్మొళి అనలేదు.
అని ఉంటే నమ్మేదాన్ని కాదు.
"ఆ రాత్రి ఎవరితో చెప్పారు?" అంది.
కలిపేదాన్ని నేనైతే
నన్నెవరు కలుపుతారమ్మా?

ఆమె గడియారం వైపు చూడకుండా చూసింది.
ఆ చూపు నాకు కొత్తా?
నేనే అడిగాను, పొడిగించమంటారా అని.
నవ్వింది. బయట ఇంకో ముసలాయన కూర్చుని ఉన్నాడు.
"గురువారం" అంది.

బస్‌స్టాపు దాకా వచ్చాక గుర్తొచ్చింది,
లేచేటప్పుడు చేతులు ఆనించలేదని.

దిగులు పోలేదు.
ఈమధ్య మంచం దగ్గర్నించి జరిగి
గుమ్మంలో కూర్చుంటోంది.
పాలపాకెట్టు తియ్యాలంటే
దాని మీదుగా వంగాలి.
వంగుతున్నాను.