ఎనిమిది వేళ్ళతో

హైస్కూలు జిమ్‌లో మడతకుర్చీలు వేశారు.
బాస్కెట్‌బాల్ వల కింద మైకు,
మైకు పక్కన హామ్ సాండ్‌విచ్‌ల బల్ల,
తలుపు దగ్గర సభ్యుడికొక ప్లాస్టిక్ బకెట్టు,
అందులో ఒక బల్బు, ఒక కేలెండరు.
నార్త్ డకోటాలో మార్చి అంటే
బూట్లకి ఇంకా మంచే.

జమాఖర్చులు చదివారు.
చేతులెత్తి డైరెక్టర్లని ఎన్నుకున్నారు.
తర్వాత నన్ను పిలిచారు:
కోల్టన్ ఓస్ట్‌బీ, లైన్‌మన్, భద్రత మీద పది నిమిషాలు.

నాకు రాసుకుని చదవడం రాదు.
వేళ్ళమీద లెక్కపెట్టి చెప్తాను.
ఎనిమిదే ఉన్నాయి కనుక
చివరి రెండు మాటలూ మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఆర్లిస్, నీ ఆవులు నీళ్ళతొట్టిలో మూతి పెట్టి
చటుక్కున వెనక్కి గుంజుకుంటున్నాయన్నావు.
పొగరు కాదు వాటికి.
మన చేతికి అందని వోల్టు వాటి నాలుకకి అందుతుంది.
ఎర్తింగు చూపించుకో. ఆవు అబద్ధమాడదు.

డెల్మర్, ధాన్యం ఎత్తే గొట్టాన్ని
నిటారుగా నిలబెట్టి పొలం దాటించకు.
తల పైకెత్తు.
ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న తీగ.
ఉందని మనం మర్చిపోవడమే దాని కోర.

ట్రక్కు మీద తీగ పడిందా, కూర్చో.
ఫోన్ చేసి, మళ్ళీ కూర్చో.
మంట లేస్తే తప్ప దిగకు.
దిగాల్సొస్తే రెండు పాదాలూ జతచేసి దూకు,
ట్రక్కునీ నేలనీ ఒక్కసారే తాకకు,
ఆపైన పాదం పాదానికి ఆనించి
బుడిబుడిగా జరుగు, దూరం దాకా.
నవ్వండి, పర్లేదు.
మూడో తరగతి పిల్లలూ నవ్వారు.
కానీ జరిగారు, గోడ తగిలేదాకా.

ఇప్పుడు ఈ సంచిలోది.
ఆరెంజి రంగు తీగ. రెండు కొసలా ప్లగ్గులే.
ఎవరిదని అడక్కండి.
జనరేటర్‌లో ఒక కొస,
డ్రయ్యర్ సాకెట్‌లో ఒక కొస.
ఇల్లు వెలిగింది. నేలమాళిగలో పంపు తిరిగింది.
కరెంటు అక్కడితో ఆగలేదు.
వచ్చే దారినే ఎదురు నడిచి,
స్తంభం మీది డబ్బాలో ఒళ్ళు పెంచుకుని,
రెండొందల నలభై కాస్తా ఏడువేల రెండొందలై,
మంచు బరువుకి తెగిన లైనెక్కి
అర మైలు అవతల
నేను తీగ పట్టుకున్నాను.
డొంకంతా కదిలింది.

నిజం చెప్పాలి కదా, ఇది నా సభ కూడా.
ఆ రాత్రి నేను టెస్టరు ఆనించలేదు.
గ్రౌండు కేబులు వెయ్యలేదు.
పద్దెనిమిది గంటలుగా పనిలో ఉన్నాం.
ఊరంతా చీకటి కదా,
తీగ చచ్చిందని నాకు నేనే చెప్పుకున్నాను.
పన్నెండు నిమిషాలు మిగిలాయి.
అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి,
దేనికి ఖర్చుపెట్టాలో తెలీదు.

మూడో వరుసలో ఒకాయన
సాండ్‌విచ్ కింద పెట్టాడు.

ప్రతి శనివారం మా గడపమీద డజను గుడ్లుంటాయి.
బండి చప్పుడు వినపడదు, చీటీ ఉండదు.
మా ఆవిడ ఖాళీ అట్టని
మళ్ళీ అదే చోట పెడుతుంది.
రెండేళ్ళుగా మేం మాట్లాడుకునేది ఇంతే.

ఎక్కడో మేడమీద కూర్చున్న యజమాని లేడు మనకి.
ఐదు డాలర్లు కట్టి సభ్యులై
గడ్డ కట్టిన నేలలో మీ తాతలే గుంజలు పాతారు.
తీగ మీది.
దాని చివర ఉన్న చెయ్యి ఎవరిదో
మీ లెక్కల పుస్తకంలో రాసి ఉండదు,
అయినా చూడండి.

మార్పిడి స్విచ్చి పెట్టించుకోండి.
ఫారాలు ఆ బల్లమీద ఉన్నాయి,
డబ్బు వాయిదాల్లో కట్టొచ్చు.

కత్తెర తెచ్చాను, పెద్దది.
ఈ తీగని ఎవరైనా వచ్చి కత్తిరిస్తారా?
నా చేతికి పట్టు చాలదు.

కాసేపు కాఫీ యంత్రం ఒక్కటే మాట్లాడింది.
తర్వాత, వెనకాల ఎక్కడా కాదు,
దగ్గరలోనే
ఒక మడతకుర్చీ కిర్రుమంది.